ఔషధ రసాయన శాస్త్రవేత్త పరిశోధనను బేరీజు వేయడం ఎలా?

1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ మరో నలుగురితో కలిసి ఒక పత్రం ప్రచురించారు. రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇవ్వగా 10 మందిలో తాత్కాలికంగానైనా గుణం కనిపించిందని అందులో నమోదు చేశారు. క్యాన్సర్ మందుల చరిత్ర రాసే వారెవరూ ఆ పత్రాన్ని దాటి పోలేరు. ఆ మందు వచ్చింది న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ సంస్థ నుంచి. అక్కడి పరిశోధనకు అధిపతి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫార్బర్ పత్రం రచయితల్లో ఆయన పేరు లేదు. అమినోప్టెరిన్ తయారీని 1947లో ప్రకటించిన రసాయన శాస్త్ర పత్రంలోనూ సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ అనే ముగ్గురి పేర్లే ఉన్నాయి.

ఈ రోజు ఎవరైనా ఒక డేటాబేస్ తెరిచి, సుబ్బారావు పేరు కొట్టి, పత్రాలెన్ని, సైటేషన్లెన్ని (అంటే ఇతర పత్రాలు వాటిని ఉల్లేఖించినవెన్ని), ఆ రెంటినీ కలిపి కొలిచే హెచ్-ఇండెక్స్ ఎంత అని చూసి తీర్పు చెప్పేస్తే ఆ తీర్పు తప్పుతుంది. మందుల రసాయన శాస్త్రంలో పని ఒక చోట జరుగుతుంది, దాని ఫలితం ఇంకో చోట నమోదవుతుంది, కీర్తి మరో చోటికి పోతుంది. అందువల్ల ఈ రంగంలోని వ్యక్తి పరిశోధనా జీవితాన్ని తూచేటప్పుడు మనిషి పేరు పట్టుకుని వెతకడంతో ఆగకుండా, ఆయన లేదా ఆమె చేతులు పడిన అణువును పట్టుకుని అది ఎక్కడ పుట్టింది, ఎక్కడెక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది అని చూసుకుంటూ పోవాలి. పీహెచ్‌డీకి గైడును వెతుక్కునే ఫార్మసీ, కెమిస్ట్రీ విద్యార్థులకు, పురస్కారాలకు పేర్లు పరిశీలించే కమిటీల వారికి, శాస్త్రవేత్తల జీవిత వ్యాసాలు రాసేవారికి పనికివచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు పేరు తేల్చుకోండి

ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, తెలుగువారి విషయంలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ పొడి అక్షరంగా. విదేశీ పత్రికలు, డేటాబేసులు చివరి మాటనే ఇంటిపేరుగా తీసుకుంటాయి. దాంతో రావులు, రెడ్లు, కుమార్‌లు వందల సంఖ్యలో ఒకే గంపలో పడతారు. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థకు, అంటే ఐఐసీటీకి, సారథ్యం వహించిన ఏ.వి. రామారావు గారి పత్రాల కోసం వెతికితే ‘రావు ఏ.వి.ఆర్.’ అని కొన్ని, ‘రామారావు ఏ.వి.’ అని కొన్ని వేర్వేరుగా కనిపిస్తాయి. సుబ్బారావు గారి పేరు కూడా పత్రాల్లో ఒకే మాటగా ఒకచోట, మధ్యలో పెద్దక్షరంతో మరోచోట అచ్చయింది.

2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కును చాలావరకు తీర్చింది. పరిశోధకుడికి ఆ సంఖ్య ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి. లేకపోతే పేరుతో పాటు సంస్థ పేరు, కాలం, సహ రచయితల పేర్లు కలిపి వెతకాలి. గూగుల్ స్కాలర్ పుట కనబడగానే సంబరపడకండి. అది ఎవరి పుట వారు నడుపుకునేది. అదే పేరున్న వేరొకరి పత్రాలు అందులో తమంతట తాము వచ్చి చేరుతుంటాయి, వాటిని తొలగించే ఓపిక అందరికీ ఉండదు. జీవ రసాయనం చేసే మనిషి ఖాతాలో సిమెంటు బలం మీద పత్రం కనిపిస్తే మోసమని వెంటనే అనుకోనక్కరలేదు, కానీ ఆ పుటలోని మొత్తం అంకెను మాత్రం యథాతథంగా ఎత్తి రాయకూడదు.

కాలక్రమం గీయండి, పేటెంటును పక్కనే పెట్టండి

ఒక కాగితం మీద సంవత్సరాలను నిలువుగా రాసుకుని, ఒక పక్క ఉద్యోగాలు, మరో పక్క పత్రాలు, మూడో పక్క పేటెంట్లు వేసుకోండి. కంపెనీలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్తకు పత్రాల వరుసలో పెద్ద పెద్ద ఖాళీలు కనిపిస్తాయి. ఆ కాలంలో పని జరగలేదని అనుకుంటే పొరపాటు. పేటెంటు చేతికొచ్చే దాకా, కొన్నిసార్లు మందు పరీక్షల్లో నిలిచే దాకా, కంపెనీ పెదవి విప్పనివ్వదు. కొలెస్టరాల్ తగ్గించే అటోర్వాస్టాటిన్‌నే చూడండి. బ్రూస్ రాత్ దాన్ని పార్క్-డేవిస్ సంస్థలో తొలిసారి తయారుచేసింది 1985లో. అమెరికా పేటెంటు దరఖాస్తు 1986లో పడింది, 1987లో మంజూరైంది. ఆ వరుస అణువుల మీద జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో పత్రం వచ్చేసరికి 1991 అయింది. మందుల దుకాణానికి అది చేరడానికి 1996 చివర్లో అనుమతి దొరికింది. పత్రం తేదీని పట్టుకుని ‘ఈయన 1991లో కనుగొన్నాడు’ అని రాస్తే ఆరేళ్లు పోయినట్లే.

పేటెంట్లను ఎస్పాసెనెట్, గూగుల్ పేటెంట్స్, మన దేశపు పేటెంటు కార్యాలయం వారి ఇన్‌పాస్ వంటి చోట్ల ఉచితంగా చూడవచ్చు. అక్కడ ముందుగా చూడవలసింది ప్రయారిటీ తేదీ, అంటే ఆ ఆవిష్కరణకు తొలి దరఖాస్తు పడిన రోజు. దరఖాస్తు సాధారణంగా 18 నెలల తర్వాత గానీ లోకానికి కనబడదు. అమెరికాలో 2000 నవంబరుకు ముందు వేసిన దరఖాస్తులు మంజూరైతేనే బయటికి వచ్చేవి. ఒకే ఆవిష్కరణకు పది దేశాల్లో పది పేటెంట్లు ఉంటే అవి పది ఆవిష్కరణలు కావు, ఒకే కుటుంబం. ‘నూరు పేటెంట్ల శాస్త్రవేత్త’ అని పరిచయాల్లో చదివినప్పుడు ఆ నూరులో కుటుంబాలెన్నో లెక్కపెట్టడం మంచిది.

భారతీయ శాస్త్రవేత్తల విషయంలో ఇంకో సంగతి మరువకూడదు. 1970 నాటి మన పేటెంటు చట్టం మందు అణువుకు పేటెంటు ఇవ్వలేదు. తయారీ పద్ధతికి మాత్రమే ఇచ్చింది. 2005 జనవరి నుంచే అణువు మీద హక్కు వచ్చింది. అందువల్ల అంతకు ముందు తరం వారి భారతీయ పేటెంట్లన్నీ ‘ఫలానా పదార్థాన్ని తయారుచేసే విధానం’ అన్న పేర్లతో కనిపిస్తే, వీరు కొత్త అణువులు చేయలేదు కాబోలు అని తేల్చేయకూడదు. చట్టం వారి చేత అలా రాయించింది.

పేటెంటులోని ఆవిష్కర్తల జాబితాకు పత్రంలోని రచయితల జాబితా కన్నా నేను ఎక్కువ విలువ ఇస్తాను. అమెరికా చట్టం ప్రకారం ఆవిష్కర్తల పేర్లు తప్పుగా ఉంటే పేటెంటే చెల్లకుండా పోయే ప్రమాదం ఉంది కాబట్టి, మర్యాద కోసం పై అధికారి పేరు చేర్చే అలవాటుకు అక్కడ కళ్లెం పడుతుంది.

ఒక్క పత్రాన్నయినా పట్టిక దాకా చదవండి

బేరీజు వేసేవారిలో చాలామంది దాటేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ఆ శాస్త్రవేత్త ప్రధాన పత్రాల్లో ఒకటి తీసుకుని, సారాంశం దగ్గర ఆగకుండా లోపలి పట్టిక తెరవండి. మెడిసినల్ కెమిస్ట్రీ పత్రంలో పట్టికే కథ చెబుతుంది. ఎడమ పక్క అణువులకు అంకెలు, మధ్యలో ఏ స్థానంలో ఏ గుంపు తగిలించారో, కుడి పక్క అవి ఎంజైమును ఎంత గాఢత దగ్గర సగానికి అణచివేశాయో తెలిపే ఐసీ50 విలువలు ఉంటాయి. ఆ విలువ ఎంత తక్కువగా ఉంటే అణువు అంత బలమైనది.

ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మందు కథ దీనికి మంచి పాఠం. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, అప్పట్లో సీబా-గైగీగా ఉన్న సంస్థలో, యూర్గ్ జిమర్‌మన్ బృందానికి దొరికిన తొలి అణువు ఫినైల్‌అమినో పిరిమిడీన్ జాతిది. అది ప్రోటీన్ కైనేజ్-సి అనే ఎంజైమును అణిచేది. తర్వాత వారి గురి టైరోసిన్ కైనేజ్‌లనే మరో జాతి ఎంజైముల మీదికి మళ్లింది. పిరిమిడీన్ వలయానికి ఒక పిరిడీన్ వలయం చేరిస్తే కణాల్లో చర్య పెరిగింది. ఫినైల్ వలయానికి బెంజమైడ్ గుంపు తగిలిస్తే టైరోసిన్ కైనేజ్‌ల మీద పట్టు వచ్చింది. తర్వాత ఆ ఫినైల్ వలయం మీద తగిన చోట ఒకే ఒక మిథైల్ గుంపు పెట్టారు: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, అంతే. ఆ కొసరుతో అణువు వంపు తిరిగి, ప్రోటీన్ కైనేజ్-సి మీది చర్య పోయి, అబ్ల్ అనే టైరోసిన్ కైనేజ్ మీద చర్య మాత్రం నిలిచింది. ఇంత జరిగినా అది నీటిలో సరిగా కరగదు, నోటి ద్వారా ఇస్తే ఒంటికి పట్టదు. చివరికి ఎన్-మిథైల్ పిపెరజీన్ చేర్చి ఆ చిక్కు తీర్చారు. 2001 మేలో అమెరికాలో అనుమతి పొంది, ఒక రకం రక్త క్యాన్సర్ రోగుల రాత మార్చిన మాత్ర ఇదే. రోగుల మీద పరీక్షలు నడిపిన బ్రయన్ డ్రుకర్ పేరు లోకానికి తెలిసినంతగా జిమర్‌మన్ పేరు తెలియదు. 1997లో బయోఆర్గానిక్ అండ్ మెడిసినల్ కెమిస్ట్రీ లెటర్స్‌లో వచ్చిన ఆయన బృందం పత్రం నిడివిలో చిన్నదే.

ఇలా పట్టిక చదివినప్పుడు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. ప్రతి మార్పుకూ ఒక కారణం కనబడుతోందా, లేక దొరికిన కారకాలతో దొరికిన అణువులన్నీ చేసి వరుసగా పేర్చారా? పనిచేయని అణువులను కూడా పట్టికలో ఉంచారా? కావలసిన ఎంజైముతో పాటు వద్దనుకున్న ఎంజైముల మీదా పరీక్షించారా? కరిగే గుణం, కాలేయంలో నిలిచే కాలం, జంతువుల రక్తంలో చేరే మోతాదు లాంటివి కొలిచారా? మన విశ్వవిద్యాలయాల నుంచి వచ్చే చాలా పత్రాలు ‘ఇరవై కొత్త అణువులు చేశాం, రెండు క్యాన్సర్ కణజాలాల మీద పరీక్షించాం, ఫలానాది అన్నిటికన్నా మెరుగు’ అని ముగుస్తాయి. విద్యార్థికి చేయి తిరగడానికి అది మంచి అభ్యాసమే. అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ మెరుగైన అణువును పట్టుకుని తర్వాతి పత్రంలో ముందుకు నడిచారా, లేక మరుసటి ఏడాది ఇంకో ఇరవై అణువులకు మళ్లిపోయారా అన్నది వరుసగా రెండు మూడు పత్రాలు చూస్తే తేటపడుతుంది. ఒకే సమస్య మీద పదేళ్లు నిలిచిన వారి పత్రాలు సంఖ్యలో తక్కువైనా వాటి మధ్య దారం కనబడుతుంది.

రచయితల వరుసను చదవడం

సాధారణంగా మొదటి పేరు ప్రయోగాలు ఎక్కువ చేసినవారిది, నక్షత్రం గుర్తు ఉన్న పేరు పనికి బాధ్యత వహించినవారిది. ఇది నియమం కాదు, అలవాటు మాత్రమే. ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణను ప్రకటిస్తూ 1945లో సైన్స్ పత్రికలో వచ్చిన లెడర్లీ వారి పత్రంలో పదిమందికి పైగా రచయితలు ఉన్నారు. ఏంజియర్ పేరుతో మొదలై రెండు విడతలుగా ఇంగ్లిషు అక్షర క్రమంలో సాగే ఆ వరుసలో సుబ్బారావు పేరు ఎక్కడో మధ్యలో పడింది. ‘ఏంజియర్, తదితరులు’ అని ఉల్లేఖించిన ప్రతిసారీ సారథి పేరు ‘తదితరుల్లో’ కలిసిపోయింది. చైనాలో ఇంకా విచిత్రం: మలేరియా మందు ఆర్టెమిసినిన్ నిర్మాణాన్ని ప్రకటించిన 1977 నాటి పత్రంలో వ్యక్తుల పేర్లే లేవు, ఒక సమష్టి పరిశోధక బృందం పేరు మాత్రమే ఉంది. పీహెచ్‌డీ పట్టా లేని తూ యూయూకు ఆ పనికి 2015లో నోబెల్ బహుమతి వచ్చేనాటికి, ఎవరు ఏం చేశారో పాత ప్రయోగశాల రికార్డులను, సమావేశాల వివరాలను తవ్వి తేల్చుకోవలసి వచ్చింది.

ఈ మధ్య చాలా పత్రికలు ఎవరి పాలు ఎంతో చివర్లో వాక్యాలుగా రాయిస్తున్నాయి. అది ఉంటే వదలకుండా చదవండి. ‘వనరులు సమకూర్చారు’ అన్న ఒక్క మాట మాత్రమే ఎదురుగా ఉన్న పేరు యాభై పత్రాల్లో కనబడితే, ఆయన గొప్ప పరిపాలకుడు కావచ్చు. రసాయన శాస్త్రంలో ఆయన పాలు ఎంతో వేరే ఆధారాలతో తేలాలి.

అంకెలు ఎంతవరకు నమ్మాలి

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. ఒకరి హెచ్-ఇండెక్స్ 20 అంటే, కనీసం 20 సార్లు చొప్పున ఉల్లేఖన పొందిన పత్రాలు ఆ మనిషికి 20 ఉన్నాయని అర్థం. అది వయసుతో పెరుగుతుందే గానీ తగ్గదు. ఒకే పత్రంతో లోకాన్ని మార్చినవారికి అందులో దక్కేది ఒక్క అంకె. గెర్‌ట్రూడ్ ఎలియన్ కథ చూడండి. 6-మెర్కాప్టోప్యూరిన్, అజాథయోప్రిన్, అల్లోప్యూరినాల్, అసైక్లోవిర్ అన్నవి ఆమె, సహచరుడు జార్జ్ హిచింగ్స్, వారి బృందం నుంచి వచ్చాయి. ఆమె పేర 45 పేటెంట్లు ఉన్నాయి. 1988లో నోబెల్ వచ్చింది. పీహెచ్‌డీ మాత్రం పూర్తి చేయలేదు. మన నియామక కమిటీల దరఖాస్తు ఫారంలో ఆమె మొదటి గడి దగ్గరే ఆగిపోయేవారు.

సైటేషన్ల సంఖ్యకు మందు విలువతో సంబంధం లేకపోవడానికి ఇంకా కారణాలు ఉన్నాయి. అందరూ వాడే కొలత పద్ధతిని రాసిన పత్రం మిగతా వాటిని దాటిపోతుంది. ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి మీద లౌరీ బృందం 1951లో రాసిన పత్రానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు ఉన్నాయి. భాస్వరాన్ని రంగు ద్వారా కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. ఎందరో రచయితలు దాని పేరును మామూలు మాటలా వాడి, మూల పత్రాన్ని ఉల్లేఖించనే లేదు. క్రిస్టఫర్ లిపిన్‌స్కీ 1997లో రాసిన పత్రంలో ఒక్క కొత్త మందూ లేదు. నోటి ద్వారా పనిచేయవలసిన అణువు బరువు 500కు, నూనెలో కరిగే గుణానికి కొలమానమైన లాగ్-పి 5కు, హైడ్రోజన్ బంధాలను ఇచ్చే చోట్లు 5కు, పుచ్చుకునే చోట్లు 10కి మించకుండా ఉంటే మేలని ఆయన చెప్పిన సూత్రం ప్రపంచమంతటా రసాయన శాస్త్రవేత్తల ఎంపికలను మార్చింది. ఇలాంటి ప్రభావాన్ని సైటేషన్ల లెక్క బాగానే పట్టుకుంటుంది. జిమర్‌మన్ పెట్టిన మిథైల్ గుంపు విలువను అది పట్టుకోలేదు.

ఇక ఎక్కువ సైటేషన్లు ఉండి, చేతికి ఏమీ రాని సందర్భానికి మన వంటింట్లోనే ఉదాహరణ ఉంది. పసుపులోని కర్క్యుమిన్ మీద వేల పత్రాలు వచ్చాయి, 120కి పైగా క్లినికల్ పరీక్షలు నమోదయ్యాయి. 2017లో జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీలో వచ్చిన ఒక సమీక్ష, ప్లాసిబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్రతో, పోల్చి, ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ వైద్యుడికీ తెలియకుండా జరిపిన డబుల్ బ్లైండ్ పరీక్షల్లో అది నెగ్గిన దాఖలా లేదని తేల్చింది. ఆ అణువు నిలకడ లేనిది, ఒంటికి సరిగా పట్టదు, పైగా పరీక్ష పద్ధతులనే తికమక పెట్టి ఎంజైము అణిగినట్లు భ్రమ కలిగిస్తుంది. ఇలా పరీక్షలను మోసగించే రసాయన గుంపులను బేల్, హోలోవే 2010లో జాబితా చేసి పెట్టారు. వాటిని పెయిన్స్ అంటారు. మీరు పరిశీలించే శాస్త్రవేత్త ప్రధాన అణువులు ఆ జాబితాలోని రొడనీన్‌లు, క్వినోన్‌ల వంటివైతే, అవి నిజంగా పనిచేస్తున్నాయని వేరే పద్ధతిలో నిర్ధారించుకున్నారేమో వెతకండి.

పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనిషికి అంటగట్టడం మాత్రం మానుకోవాలి. అది పత్రికలోని గత రెండేళ్ల పత్రాలకు వచ్చిన సైటేషన్ల సగటు. అందులోని ఏ ఒక్క పత్రం గురించీ ఏమీ చెప్పదు. పరిశోధనను మదింపు చేసే తీరు మీద వచ్చిన 2012 నాటి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన ఈ మాటే చెప్పింది.

అణువు ఆగిపోయినా పని పోదు

హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ పరిశోధనా సంస్థలో రూపుదిద్దుకున్న రాగాగ్లిటజార్ అనే మధుమేహపు అణువును డెన్మార్క్‌కు చెందిన నోవో నార్డిస్క్ లైసెన్సు మీద తీసుకుని మనుషుల మీద పరీక్షల దాకా నడిపింది. ఎలుకల మూత్రాశయాల్లో కణితులు కనిపించడంతో 2002లో పరీక్షలు ఆపేశారు. ఆ అణువును చేసినవారి పరిశోధనను ‘విఫలం’ అనే గడిలో వేయడం అన్యాయం. భారతీయ ప్రయోగశాలలో పుట్టిన అణువును విదేశీ సంస్థ డబ్బిచ్చి తీసుకోవడమన్నది అంతకు ముందు మన పరిశ్రమ పెద్దగా ఎరగని సంగతి. మొదలైన అణువుల్లో అత్యధికం దారిలో ఎక్కడో ఒక చోట ఆగేవే కాబట్టి, ఎంత దూరం వెళ్లింది, ఎందుకు ఆగింది, ఆ కారణం ముందే పసిగట్టగలిగేదేనా అని చూడాలి. ఇందుకు భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీని, అమెరికా వారి క్లినికల్‌ట్రయల్స్ వెబ్‌సైటును వెతకండి. అణువుకు కంపెనీ పెట్టిన సంకేత సంఖ్యతోనూ, తర్వాత వచ్చిన పేరుతోనూ విడివిడిగా వెతకాలి.

దీనికి ఎదురు కథ లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థది. అక్కడ 1974 నుంచి 1984 దాకా డైరెక్టరుగా ఉన్న నిత్యానంద్ పేరుతో ముడిపడిన సెంట్‌క్రోమాన్ అనే గర్భనిరోధక మాత్ర 1991లో ‘సహేలీ’గా బజారులోకి వచ్చింది. హార్మోను కాని, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి చొప్పున వేసుకునే ఆ మాత్ర తర్వాత ‘ఛాయ’ పేరుతో ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేరింది. ప్రపంచ పత్రికల్లో దాని ఊసు తక్కువ. దేశంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో అది ఎక్కువ. శాస్త్ర ప్రభావం అన్నప్పుడు ఈ రెండో లెక్క కూడా వేయాలి. లెడర్లీలో సుబ్బారావు బృందం 1947లో ప్రకటించిన డైఇథైల్‌కార్బమజీన్ కూడా అలాంటిదే: బోదకాలు నివారణకు ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే. గోదావరి జిల్లాల్లో దాన్ని మింగినవారిలో ఎందరికి దాని వెనుక భీమవరం మనిషి ఉన్నాడని తెలుసో!

కొత్త అణువు చేయకుండానే ప్రభావం చూపినవారూ ఉన్నారు. ఏజెడ్‌టీ అణువును జెరోమ్ హార్విట్జ్ 1964లో క్యాన్సర్ కోసం తయారుచేశారు; అది పనిచేయలేదు, ఆయన దానికి పేటెంటూ తీసుకోలేదు. ఎయిడ్స్ మందుగా అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 1987లో, అప్పటికి ఆ పాత పత్రం ఇరవై మూడేళ్లది. ఆ మందు ధర మన రోగులకు అందనంత ఎత్తులో ఉన్నప్పుడు ఐఐసీటీలో ఏ.వి. రామారావు గారి బృందం దానికి తయారీ పద్ధతి రూపొందించి సిప్లా అనే మందుల కంపెనీకి అందించింది. ఇలాంటి పనిని తూచేటప్పుడు ఎన్ని మెట్ల సంశ్లేషణ ఎన్ని మెట్లకు తగ్గింది, దిగుబడి ఎంత పెరిగింది, ప్రమాదకరమైన కారకాలు ఏవి తప్పాయి, టన్నుల్లో చేయగలిగారా, ధర ఎంత పడిపోయింది అని అడగాలి. ఈ జవాబులు చాలావరకు పేటెంట్లలోను, కంపెనీల వార్షిక నివేదికల్లోను దొరుకుతాయి.

న్యాయస్థానాల తీర్పులు కూడా ఆధారమే. ఇమాటినిబ్ మెసైలేట్ బీటా స్ఫటిక రూపానికి పేటెంటు నిరాకరిస్తూ 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో ఆ అణువు చరిత్ర, జిమర్‌మన్ పేటెంటులో ఏముంది, ఏం లేదు అన్నదంతా పేజీల కొద్దీ చర్చకు వచ్చింది. హైదరాబాద్‌కు చెందిన మందుల కంపెనీ నాట్కో అందులో ప్రతివాదుల్లో ఒకటి. రసాయన పత్రాలు కొరుకుడు పడనివారికి ఆ తీర్పు చదవడం తేలిక.

శిష్యులు, మచ్చలు

గైడును వెతుక్కునేవారికి ఈ భాగం మరీ అవసరం. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లను భద్రపరిచే శోధ్‌గంగ వెబ్‌సైటులో ఆ ఆచార్యుడి దగ్గర సమర్పించిన థీసిస్‌లు చూడండి. నమోదుకూ సమర్పణకూ మధ్య ఎన్నేళ్లు పట్టింది, థీసిస్‌లోని పనికి పత్రాల్లో మొదటి పేరు విద్యార్థిదేనా, ఆ విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవి ఒక పూటలో తేలిపోతాయి. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోనో, విశాఖ పక్కన పరవాడలోనో, న్యూజెర్సీలోనో ఉన్న పాత విద్యార్థికి మర్యాదగా ఒక మెయిలు రాస్తే, ఏ సూచికా చెప్పని సంగతులు తెలుస్తాయి. ‘సార్ ల్యాబ్‌కు ఎంత తరచుగా వచ్చేవారు, పనిచేయని రియాక్షన్ గురించి చెబితే ఏమనేవారు’ అని అడగండి.

మచ్చల విషయంలో నిదానం కావాలి. వెనక్కి తీసుకున్న పత్రాలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేసులో పేరు వెతికి, ఉపసంహరణ ఉంటే దాని ప్రకటన పూర్తిగా చదవండి. తమ పొరపాటు తామే కనిపెట్టి వెనక్కి తీసుకున్నవారికీ, అణువు నిర్మాణానికి ఆధారమయ్యే ఒకే ఎన్‌ఎంఆర్ చిత్రాన్ని రెండు అణువులకు వాడి దొరికిపోయినవారికీ చాలా తేడా ఉంది. తమ పత్రాలను తామే ఉల్లేఖించుకోవడం కొంతవరకు సహజం, ఎందుకంటే వరుస అణువుల పనిలో వెనకటి పత్రం లేకుండా ముందుది అర్థం కాదు. మొత్తం సైటేషన్లలో సగం దాకా సొంతవీ, సహ రచయితలవీ అయినప్పుడే అనుమానించాలి. స్కోపస్ అనే పత్రాల డేటాబేసులో సొంత సైటేషన్లు తీసేసి చూసే వీలుంది.

రాతలో పెట్టేటప్పుడు

అంకె రాసిన ప్రతిచోటా అది ఏ డేటాబేసు నుంచి, ఏ తేదీన తీసుకున్నారో రాయండి. గూగుల్ స్కాలర్ అంకె, స్కోపస్ అంకె ఎప్పుడూ కలవవు. ‘ప్రపంచ ప్రఖ్యాత’, ‘అగ్రగణ్య’ వంటి విశేషణాలు తీసేసి, వాటి స్థానంలో పనిని ఒక వాక్యంలో చెప్పి చూడండి: ఏ జబ్బు, ఏ ఎంజైము, ఏ అణువు, అందులో ఈ మనిషి మార్చింది ఏమిటి, అది ఇప్పుడు ఏ దశలో ఉంది. ఆ వాక్యం రాయలేకపోతున్నారంటే ఇంకా చదవవలసింది ఉందన్నమాట. బృందం చేసిన పనిని ‘ఆయన కనుగొన్నారు’ అని ఏకవచనంలోకి మార్చకండి. ‘ఆయన నాయకత్వంలోని బృందం’ అనడం వల్ల ఎవరి గౌరవమూ తగ్గదు. శాస్త్రవేత్త మన మధ్య ఉన్నవారైతే, మీరు సిద్ధం చేసిన పత్రాల, పేటెంట్ల జాబితాను మాత్రం వారికి పంపి సరిచూడమనండి. మీ అభిప్రాయం రాసిన పుటను పంపనక్కరలేదు. దాన్ని అదే రంగంలో ఉండి ఆ మనిషితో కలిసి ఎన్నడూ పత్రం రాయని మరొకరి చేత చదివించండి.